చనిపోవాలనిపిస్తోందా అని అడగడం ఎందుకంత కష్టం?

క్లుప్తంగా: ఆత్మహత్య ఆలోచనలో ఉన్నవాళ్లలో చాలామంది ఆ సంగతిని మాటలోనో నడవడిలోనో బయటపెడుతూనే ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్లు గమనించరని కాదు, గమనించీ అడగలేకపోతారు. సూటిగా అడిగితే ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడగడం, వినడం, ఒంటరిగా వదలకుండా సాయం దాకా చేర్చడం డాక్టర్లు కానివాళ్లు కూడా నేర్చుకోగలిగిన పనులే. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

వార్డెన్‌కూ శిక్షణ కావాలన్న కోర్టు

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ గానీ సైకాలజిస్టు గానీ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో అందరికీ కనబడేలా పెట్టాలి.

స్టార్ బ్యాచ్, సూపర్ బ్యాచ్ అంటూ ఇంటర్ మొదటి ఏడాది నుంచే పిల్లలను వేరు చేసే అలవాటున్న హైదరాబాద్‌లో బ్యాచ్‌ల మాట మీదే చర్చంతా నడిచింది. దానికంటే తక్కువగా చర్చకు వచ్చిన అంశం ఇంకొకటి ఉంది. బోధన సిబ్బందికే కాక బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కోర్టు చెప్పింది. ప్రమాద సంకేతాలను గుర్తించడం, మొదటి మానసిక సాయం అందించడం, సరైన చోటికి పంపడం ఆ శిక్షణలో భాగం.

దీని వెనక తర్కం సులువైనదే. ఒక కుర్రాడు మూడు రోజులుగా కంచంలో అన్నం అలాగే వదిలేసి వెళ్తున్నాడని లెక్చరర్‌కు తెలియదు. మెస్‌లో వడ్డించే మనిషికి తెలుస్తుంది. రాత్రి రెండింటికి మేడ మీద ఎవరు ఒంటరిగా తిరుగుతున్నారో ప్రిన్సిపాల్‌ కంటే వాచ్‌మన్‌కు బాగా తెలుసు. అమీర్‌పేట, కూకట్‌పల్లి, మాదాపూర్ పీజీ హాస్టళ్లకూ, అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు ఏళ్ల తరబడి చదివేవాళ్ల గదులకూ ఇదే వర్తిస్తుంది. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ల మార్పు ముందుగా కంటబడేది రూమ్మేటుకే.

లెక్కలు చెప్పేవి, చెప్పనివి

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో విద్యార్థులు 13,044 మంది. పరీక్షా ఫలితాల రోజున వార్తలన్నీ విద్యార్థుల చుట్టూ తిరుగుతాయి గానీ, మొత్తంలో నాలుగో వంతుకు పైగా రోజు కూలీలే. ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. దేశ సగటు లక్ష జనాభాకు 12.4 కాగా తెలంగాణది దానికి రెట్టింపు పైనే.

ఈ పట్టికల్లో కారణాల కాలమ్‌ను కొంచెం జాగ్రత్తగా చదవాలి. 2022లో కుటుంబ సమస్యలు 31.7 శాతం, అనారోగ్యం 18.4 శాతం అని ఉంటుంది. పోలీసు విచారణలో తేలినదాన్ని ఒక కారణం కింద నమోదు చేస్తారు కాబట్టి లెక్క అలా వస్తుంది. అప్పు, నిద్రలేమి, తాగుడు, భార్యాభర్తల గొడవ, పైకి చెప్పుకోని డిప్రెషన్ ఒకే మనిషిలో కలిసి ఉన్నా కాగితం మీద కనబడేది ఒకటే మాట.

కారణం వేరు, నిప్పురవ్వ వేరు

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయన్న ఆరోపణల నడుమ 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. ఆందోళనల తర్వాత, ఫెయిలైన వాళ్ల జవాబు పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. మూల్యాంకనంలో జవాబుదారీతనం గురించి ఆ ఏడాది లేచిన ప్రశ్నలు న్యాయమైనవే. అయితే అదే ఫలితాల్లో ఫెయిలైనవాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లలో చాలా ఎక్కువమంది ఆ దెబ్బను తట్టుకుని నిలబడ్డారు. అంటే ఫలితం నిప్పురవ్వ అయింది. మంట అంటుకోవడానికి అవసరమైనవి అంతకుముందే పోగుపడి ఉన్నాయి.

ఆ పోగు ఎలా పడుతుందో వివరించే సిద్ధాంతాలు రెండు మూడున్నాయి. వాటిలో తరచూ వినబడే మాటలు ఓటమి, ఇరుక్కుపోవడం, భారం. అవమానం జరిగింది, దాని నుంచి బయటపడే దారి లేదు, తాను ఉండటం వల్ల ఇంట్లోవాళ్లకు కష్టమే తప్ప లాభం లేదు. ఈ మూడు ఆలోచనలూ ఒకచోట చేరినప్పుడు చూపు సొరంగంలోలా ఇరుకైపోతుంది. బయటివాళ్లకు పది దారులు కనిపిస్తుంటాయి, లోపలున్న మనిషికి ఒక్కటీ కనబడదు. 'ఇంత చిన్నదానికా?' అన్న ప్రశ్న ఆ మనిషికి అర్థం లేనిదిగా తోచేది ఇందుకే. ఆ క్షణంలో తనకు బతుకంటే ఆ ఒక్క సమస్యే.

లోన్ యాప్‌ల వ్యవహారం దీనికి సరైన ఉదాహరణ. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఈ యాప్‌ల మీద వరసగా కేసులు పెట్టారు, కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. బాకీ కొన్ని వేల రూపాయలే అయినా ఫోన్‌లోని కాంటాక్టులందరికీ ఫొటోలు, బూతు మెసేజ్‌లు వెళ్లేవి. డబ్బు బాధ అలా పరువు బాధగా మారేది, అదీ గంటల్లో. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు నిబంధనలు తెచ్చింది. ఇలాంటి వేధింపుల్లో ఉన్నవాళ్లకు కౌన్సెలింగ్ ఒక్కటే చాలదు. సైబర్ నేరాల నంబరు 1930కి పక్కనుండి ఫోన్ చేయించి ఫిర్యాదు ఇప్పించడం కూడా ప్రాణం నిలిపే సాయమే, ఎందుకంటే అది దారి లేదన్న భావాన్ని నేరుగా తగ్గిస్తుంది.

చావు మాట వినిపించని చోట

తెలుగులో ఒక చిక్కుంది. 'ఈ ట్రాఫిక్‌తో ఛస్తున్నా', 'నవ్వలేక చచ్చాం', 'బాస్ చంపేస్తున్నాడు' అని రోజుకు పదిసార్లు అంటాం. పెద్దవాళ్లయితే 'దేవుడు ఎప్పుడు తీసుకుపోతాడో' అని మాటవరసకు అనేస్తుంటారు. చావు అనే మాట ఇంత అరిగిపోయిన భాషలో ఆ మాట వినబడ్డంత మాత్రాన ఎవరూ ఉలిక్కిపడరు. అసలు సంకేతాలు చాలాసార్లు ఆ మాట లేని వాక్యాల్లో ఉంటాయి.

'నా వల్ల అందరికీ ఇబ్బందే.' 'నేను లేకపోయినా మీరు బాగుండాలి.' 'ఇంక ఎన్నాళ్లులే.' 'అమ్మను జాగ్రత్తగా చూసుకో తమ్మీ.' 'పాలసీ కాగితాలు బీరువా కింది అరలో ఉన్నాయి.' ఈ చివరి మాట అరవై ఏళ్ల తండ్రి మామూలుగా చెప్పినా చెప్పవచ్చు. ముప్పై ఏళ్ల కొడుకు, ఉద్యోగం పోయిన రెండు నెలలకు, ఏ సందర్భమూ లేకుండా చెబితే దాని అర్థం వేరు.

కాబట్టి చూడాల్సింది మాటను ఒక్కదాన్నే కాదు, మార్పును. కలుపుగోలుగా ఉండే మనిషి గ్రూపుల్లోంచి ఒక్కొక్కటిగా బయటికి రావడం. నిద్ర పూర్తిగా పోవడం, లేదా పగలంతా పడుకునే ఉండటం. తాగుడు ఒక్కసారిగా పెరగడం. ఇష్టంగా దాచుకున్న వస్తువులను పంచిపెట్టడం, చిన్న చిన్న బాకీలు తీర్చేయడం, చాలాకాలంగా మాట్లాడని బంధువులకు ఫోన్లు చేసి క్షమాపణ అడగడం. మగవాళ్లలో దిగులు తరచూ దిగులులా కనిపించదు. చిరాకుగా, కోపంగా, డ్రైవింగులో తెగింపుగా బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని 'పొగరు' అనుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువమందిని పొరబడేలా చేసేది హఠాత్తుగా వచ్చే ప్రశాంతత. వారాల తరబడి కుమిలిన మనిషి ఒక ఉదయం తేలికపడ్డట్టు కనిపిస్తే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అది నిజంగా కోలుకోవడం కావచ్చు. తేల్చేసుకున్న తర్వాత వచ్చే నిశ్చింత కూడా కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

గతంలో ఒకసారి ప్రయత్నించినవాళ్లకు ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాలు మరీ కీలకం. 'ఒకసారి చేశాడుగా, బుద్ధొచ్చి ఉంటుంది' అన్న ధీమాకు ఆధారం లేదు. అలాగే 'ఎప్పటికైనా చేసే తీరతాడు' అన్న భయానికీ ఆధారం లేదు. ప్రయత్నించి బతికినవాళ్లలో పదిమందిలో సుమారు తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోలేదని దీర్ఘకాల పరిశీలనలు చూపాయి.

అడిగితే ఆలోచన పుడుతుందా?

సాయం చేయాలనుకునేవాళ్లు ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే. లేని ఆలోచన మన నోటితో ఎక్కించినట్టు అవుతుందేమో అన్న భయం సహజమైనదే గానీ, పరిశోధన దాన్ని బలపరచలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు విద్యార్థులపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, కొందరిని అడగలేదు. అడిగినవాళ్లలో బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే దిగులులో ఉన్న పిల్లలకు కొంత ఊరట దొరికినట్టు కూడా కనిపించింది. 2014లో వచ్చిన ఒక సమీక్ష, అప్పటిదాకా జరిగిన 13 అధ్యయనాలను చూసి, ఇదే దిశలో తేల్చింది.

అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. 'నువ్వు పిచ్చి పని ఏదీ చేయవు కదా?' అన్నది ప్రశ్న కాదు. జవాబు ముందే చెప్పి, తలూపమనడం. దానికి అందరూ 'ఛ, అదేం లేదు' అనే అంటారు. పనికొచ్చే ప్రశ్న కనిపించిన మార్పుతో మొదలై సూటిగా ముగుస్తుంది. రూమ్మేట్ల మధ్య అయితే ఇలా ఉండవచ్చు: 'అన్నా, వారం నుంచి చూస్తున్న. సరిగ్గా తింటలేవు, రాత్రంతా మేల్కొనే ఉంటున్నవ్. చచ్చిపోవాలని అనిపిస్తుందా?' కోడలు అత్తగారిని అడిగేటప్పుడు మాట వేరుగా ఉంటుంది: 'అత్తయ్యా, మీరీమధ్య అందరికీ భారమయ్యానంటున్నారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా?' రెండిట్లోనూ అసలు మాటను దాచలేదు.

జవాబు 'అవును' అయితే ఇంకో రెండు ప్రశ్నలు అవసరం. ఎలా చేసుకోవాలో ఆలోచించావా? ఎప్పుడు అని అనుకున్నావా? అప్పుడప్పుడు వచ్చిపోయే ఆలోచనకూ, పద్ధతీ సమయమూ తేల్చుకున్న ఆలోచనకూ తేడా పెద్దది. రెండోది అత్యవసర పరిస్థితి. మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు.

ఒట్టు వేయించుకోవడం దగ్గర వచ్చే పొరపాటు

మన ఇళ్లలో ఆ తర్వాత జరిగేది చాలావరకు ఒకే రకంగా ఉంటుంది. తల్లి ఏడుస్తుంది, 'నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ అలా అనుకోనని చెప్పు' అంటుంది. కొడుకు ఒట్టు వేస్తాడు. మాట అక్కడితో ముగుస్తుంది. ప్రమాదం మాత్రం తగ్గదు, ఎందుకంటే ఆలోచన మళ్లీ వచ్చిన రాత్రి దాన్ని ఎవరికీ చెప్పుకోలేడు. చెబితే అమ్మ మీద వేసిన ఒట్టు తప్పినట్టవుతుంది. మానసిక వైద్యంలో కూడా ఒకప్పుడు ఇలాంటి హామీ పత్రాలు రాయించుకునేవారు. అవి ప్రాణాలు కాపాడతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు.

వాటి స్థానంలో వచ్చినది రక్షణ ప్రణాళిక. ఒక కాగితం మీద, ఆ మనిషి సొంత మాటల్లో రాసుకునేది. ఆలోచన ముదురుతోందని తనకెలా తెలుస్తుంది, అప్పుడు తను ఒక్కడే ఏం చేయగలడు, ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చోగలడు, ఎవరికి విషయం చెప్పగలడు, ఏ డాక్టరుకు ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎవరి చేతిలో ఉంచాలి. అమెరికాలో 1,640 మంది రోగుల మీద జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఎమర్జెన్సీ విభాగంలో ఇలాంటి ప్రణాళిక రాసుకుని, ఇంటికెళ్లాక ఫోన్ పలకరింపు కూడా పొందినవాళ్లలో, ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన ప్రవర్తన 45 శాతం తక్కువగా కనిపించింది.

ప్రమాదకరమైన వస్తువులను దూరం పెట్టడం చిన్న విషయంగా కనిపిస్తుంది. 'చేసుకోవాలనుకున్నవాడు ఎలాగైనా చేసుకుంటాడు' అన్నది దాదాపు సామెత స్థాయికి వెళ్లిన మాట. అది తప్పు. ఆ ఉద్ధృతి చాలామందిలో కొద్దిసేపటిది. ప్రయత్నించి బతికినవాళ్లను అడిగిన ఒక అధ్యయనంలో, నిర్ణయానికీ పనికీ మధ్య గడిచినది 10 నిమిషాలు, అంతకంటే తక్కువ అని సగానికి దగ్గరగా చెప్పారు. ఆ కాస్త సమయంలో చేతికి ఏదీ అందకపోతే ఆ అల వెనక్కి వెళ్తుంది. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1990ల మధ్య నుంచి దశలవారీగా నిషేధించాక దేశం మొత్తం ఆత్మహత్యల రేటు మూడింట రెండొంతులకు పైగా పడిపోయింది. అక్కడి జనం కష్టాలు తగ్గలేదు, అందుబాటు తగ్గింది.

'ఎవరికీ చెప్పనని మాట ఇవ్వు' అని అడిగితే ఇవ్వకూడదు. ఊరంతా చాటనని, కానీ సాయం చేయగల ఒకరిద్దరికి చెప్పక తప్పదని అప్పుడే చెప్పడం మంచిది. ఉపన్యాసాలు, 'నీకేం తక్కువ' అన్న మాటలు, పక్కింటి అబ్బాయితో పోలికలు భారమన్న భావాన్ని ఇంకా పెంచుతాయి. అరగంట అడ్డురాకుండా వినడం వీటన్నిటికన్నా కష్టమైన పని, ఎక్కువ ఉపయోగపడే పని.

ఎర్రగడ్డ అంటే నవ్వే ఊరు

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అనేది ఒక బస్తీ పేరు, మెట్రో స్టేషన్ పేరు, తిట్టు కూడా. అక్కడున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ వల్ల 'వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి' అన్న జోక్ తరాలుగా నడుస్తోంది. ఆ జోక్ ఖరీదు ఏమిటంటే, నిజంగా అవసరమైనప్పుడు ఇంట్లోవాళ్లు ఆ పేరెత్తడానికే జంకుతారు. అక్కడికే వెళ్లాలని లేదు. ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు ఫోన్ చేస్తే ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. సాయం చేసేవాళ్లు కూడా ఏం చేయాలో తెలియనప్పుడు అదే నంబరుకు చేయవచ్చు. ప్రాణాపాయం కళ్లముందుంటే 108 లేదా 112.

రెండో జంకు పోలీసు కేసు. ప్రయత్నం జరిగిన తర్వాత 'కేసవుతుంది' అని పెద్దాసుపత్రికి తీసుకెళ్లకుండా, తెలిసిన చిన్న నర్సింగ్ హోమ్‌లో వేరే జబ్బు పేరు చెప్పి చూపించుకునే కుటుంబాలున్నాయి. ఒళ్లు నయమవుతుంది, అసలు బాధ రికార్డుల్లోకే ఎక్కదు. చట్టం మాత్రం ఎప్పుడో మారింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షనే లేదు. ప్రభుత్వ అధికారిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నం మాత్రమే 226వ సెక్షన్ కింద నేరం. ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇవ్వడం వేరు, బాధితుడు నిందితుడు కావడం వేరు.

భాష మాత్రం చట్టం వెంట నడవలేదు. అవినీతికి పాల్పడ్డాడు, దోపిడీకి పాల్పడ్డాడు అన్నట్టే 'ఆత్మహత్యకు పాల్పడ్డాడు' అని వార్తల్లో ఇప్పటికీ వస్తోంది. 'చేసుకున్నాడు' అంటే సరిపోతుంది.

శిక్షణ ఎంతవరకు పనిచేస్తుంది

అడుగు, ఒప్పించు, చేర్చు అనే మూడు మెట్ల శిక్షణ అమెరికాలో 1990లలో మొదలైంది. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ లాగా మామూలు జనం గంటా రెండు గంటల్లో నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. ఇలాంటి శిక్షణల వల్ల అవగాహన, అడిగే ధైర్యం పెరుగుతాయని అధ్యయనాలు బాగానే చూపాయి. మరణాలు తగ్గుతాయనడానికి ఆధారం అంత బలంగా లేదు. అమెరికాలో యువత కోసం శిక్షణలు జరిగిన కౌంటీల్లో మరుసటి ఏడాది మరణాలు తగ్గాయి గానీ, ఆ ప్రభావం తర్వాత నిలవలేదు. నేర్చుకున్నది కొన్ని నెలల్లో జారిపోతుంది. ఏడాదికి రెండుసార్లు అన్న సుప్రీంకోర్టు షరతును ఈ వెలుగులో చూస్తే అర్థముంది. ఒకసారి హాలులో కూర్చోబెట్టి, ఫొటో దిగి, సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తే అది రిజిస్టరులో మిగులుతుంది.

ఇంకో పరిమితి చేర్చే చోటు. మన దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. వార్డెన్ గుర్తించి, అడిగి, ఆసుపత్రికి పంపితే అక్కడ అపాయింట్‌మెంటు మూడు వారాల తర్వాత దొరికితే గొలుసు మధ్యలో తెగినట్టే. ఆ ఖాళీని క్రమం తప్పని పలకరింపులతో కొంతవరకైనా పూడ్చవచ్చని చూపిన అధ్యయనం ఒకటుంది, దాని కేంద్రాల్లో చెన్నై ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, ఆత్మహత్యాయత్నం తర్వాత ఎమర్జెన్సీకి వచ్చిన 1,867 మందితో దీన్ని నడిపి 2008లో ఫలితాలు ప్రకటించింది. సగం మందికి మామూలు చికిత్స ఇచ్చి పంపారు. మిగతా సగం మందితో డిశ్చార్జికి ముందు ఒక గంట మాట్లాడి, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిది సార్లు ఫోన్ చేయడమో ఇంటికి వెళ్లడమో చేశారు. మొదటి గుంపులో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. రెండో గుంపులో 0.2 శాతం. ఆ తొమ్మిది పలకరింపుల్లో పెద్ద వైద్యమేమీ లేదు. ఎలా ఉన్నారు, నిద్ర పడుతోందా, ఇంకా ఏమైనా సాయం కావాలా అని అడిగి, అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో చెప్పేవారు. మొదటిది డిశ్చార్జి అయిన వారానికి, రెండోది రెండు వారాలకు.